చెల్లు రాయించుకో

మూడు నెల్ల కింద ఒక రాత్రి పదిన్నరకు ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. ఖేడ్‌ల డిగ్రీ చదువుతుండు. మన మీటింగులకు మైకు పెట్టుడు కాడి నుంచి కుర్చీలు మోసుడు దాకా అన్నిట్ల ముందుంటడు. ఎప్పుడు గలగల మాట్లాడేటోడు ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడిండు.

"అన్నా, సిబిల్ సాఫ్ చేసేటాయన ఒకాయన దొరికిండు. 15 వేలు అంటుండు. సగం ముందు, సగం పని అయినంక. రేపు పొద్దుగాల ఫోన్‌పే కొట్టాలె. కొట్టాల్నా?"

సంగతేందంటే వాని చెల్లెకు నర్సింగ్ సీటు వచ్చింది. ఎడ్యుకేషన్ లోన్ అడగటానికి నాయినను తోలుకొని బ్యాంకుకు పోయిండు. నాయిన పేరు మీద స్కోరు తక్కువుందని కాయితాలు పక్కకు పెట్టిన్రు. బయట ఎవరో ఒక నంబరు ఇచ్చిన్రు. 15 వేలు ఎక్కడియి రా అని అడిగిన.

"నాయిన చెరుకు కొట్టుటానికి తీసుకున్న అడ్వాన్సుల నుంచి" అన్నడు.

"పొద్దుగాల దాకా ఒక్క రూపాయి కొట్టకు. ఒక్క ఓటీపీ చెప్పకు. నేనొస్త" అని ఫోన్ పెట్టిన. ఆ రాత్రి నాకు నిద్ర రాలె. ఎందుకంటే గసొంటోనికే నేను ఇంతకుముందు 8 వేలు ఇచ్చుకున్న. ఈ సంగతి నేను ఇప్పటిదాకా ఏ భాగంల రాయలె. ఏప్రిల్ 14 నాడు స్టేజీ ఎక్కి చదువు గురించి, చైతన్యం గురించి గంట గంట మాట్లాడేటోడు ఒక ఏజెంటు చేతుల మోసపోయిండంటే సిగ్గు కాదా? ఆ సిగ్గే వాళ్ల పెట్టుబడి. అది ఇంక నా దగ్గర పెట్టుకోదల్చుకోలె.

*

మా నారాయణఖేడ్ తెల్వనోళ్లకు రెండు ముక్కలు. సంగారెడ్డి జిల్లాల ఒక మూలకు ఉంటది. పక్కనే కర్ణాటక బీదర్, ఇంక కొంచెం పోతే మహారాష్ట్ర. సంతల నిలబడితే తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగు ఇనపడతయి. వానకాలం పంట అయిపోయినంక మా వాడలు, తండాలు సగం ఖాళీ అయితయి. ఆలుమొగలు జోడీలు జోడీలుగ చెరుకు కొట్టుటానికి ఫ్యాక్టరీల దిక్కు పోతరు. పోకముందే మేస్త్రి అడ్వాన్స్ ఇస్తడు. అంటే మావోళ్లు పనికి పోయి పైసలు తెచ్చుకోరు. ముందు అప్పు తెచ్చుకొని, ఆ అప్పు తీర్చటానికి పనికి పోతరు.

మా తాత ఒక పటేల్ దగ్గర జీతమున్నడు. జీతమంటే ఇప్పటి పిల్లలు నెలకోసారి అకౌంట్ల పడేది అనుకుంటరు. అది కాదు. తీసుకున్న అప్పు కింద మనిషే పోయి ఉండుడు. నిజాం రాజ్యంల దీన్ని భగేలా అన్నరు. 1943ల భగేలా ఒప్పందాల మీద నిజాం సర్కారు ఒక కట్టడి తెచ్చింది. 1976ల వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. ఆ రెండు కాయితాల నడుమ మా తాత జిందగీ అయిపోయింది.

తాత అసలు కట్టిండని అవ్వ అంటది. పటేల్ బుక్కుల రాసుకున్నడో లేదో దేవునికెరుక. ఆ బుక్కును మా తాత ముట్టుకోవద్దు. ముట్టుకున్నా చదువ రాదు. తాత సచ్చిపోయి పది దినాలు కాకముందే బుక్కు పట్టుకొచ్చి "ఇంక ఉన్నది" అన్నరట. ఆ ఉన్నదాని కింద మా నాయిన రెండేండ్లు పశువులు కాసిండు.

గందుకే మా అవ్వ ఒక మాట పట్టుకున్నది. చిన్నప్పటి నుంచి మాకు వంద సార్లు చెప్పింది. "పైసలు కట్టుడు కాదు బిడ్డా, చెల్లు రాయించుకో." నోటు మీద చెల్లు రాయించి, సంతకం పెట్టించి, నోటు వాపస్ తీసుకొని, మన చేతులతోని చింపితేనే బాకి తీరినట్టు. అప్పటిదాకా కట్టింది కట్టనట్టే.

నేను డిగ్రీ చదివి ఈ మాట మర్చిపోయిన.

*

2019ల నేను హైదరాబాద్‌ల ఒక కొరియర్ పని చేసేది. పనికి బండి కావాలె. ఫైనాన్స్‌ల బండి తీసుకున్న. కిస్తు నెలకు 2,850. పదకొండు నెలలు ఒక్కటి తప్పకుండ కట్టిన. 2020 మార్చిల లాక్‌డౌన్ పడ్డది. పని పోయింది. బండి మీద ఖేడ్‌కు వచ్చిన.

ఆ మార్చి 27 నాడే రిజర్వు బ్యాంకు మూడు నెలల మారటోరియం చెప్పింది. తర్వాత దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. అడిగితే అప్పు ఇచ్చినోళ్లు ఆరు నెలలు కిస్తులు ఆపొచ్చు. వడ్డీ పడుతది గని రికార్డుల మచ్చ పడదు. ఈ సంగతి నాకు తెల్వది. చెప్పినోడు లేడు. నేను అడగలె, ఫోన్ ఎత్తుడు బంద్ చేసిన. అదే నేను చేసిన మొదటి తప్పు. అప్పున్నోని ఫోన్ ఎత్తకపోవుడు మన దగ్గర మర్యాద లెక్క అయిపోయింది. పటేల్ గల్లీల కనపడితే తాత ఇంకో సందుల నుంచి పోయేటోడట. నేను ఫోన్ సైలెంట్‌ల పెట్టిన. తేడా ఏం లేదు.

డిసెంబర్‌ల బండి గుంజుకపోయిన్రు. వేలం వేసిన్రు. వేలం పైసలు పోంగ ఇంక 31 వేల చిల్లర బాకి అన్నరు. కొన్నాళ్లకు ఒకాయన ఫోన్ చేసి, నేను వసూలు ఏజెంట్‌ను, నా నంబరుకు 6 వేలు కొట్టు, కేసు ఆపుత అన్నడు. కొట్టిన. అది నా లోన్ ఖాతాల పడనే లేదు. ఆయన ఎవరో ఇయ్యాల్టికీ తెల్వదు. తర్వాత కంపెనీ నుంచి అసలైన మనిషే వచ్చి, 14 వేలు ఒక్కసారి కడితే సెటిల్ చేస్తం అన్నడు. అవ్వ మేకలు అమ్మి కట్టిన. రసీదు ఇచ్చిన్రు. పీడ పోయిందనుకున్న.

సెటిల్ అంటే చెల్లు కాదు. ఈ ఒక్క ముక్క నాకు ఎవరన్న చెప్పి ఉంటే మూడేండ్లు మిగిలేటియి. రికార్డుల "సెటిల్డ్" అని పడ్డదంటే అర్థం, వీడు మొత్తం కట్టలె, మేమే కొంత వదులుకున్నం అని. ఆ తర్వాత అప్పు ఇచ్చేటోడు దాన్ని మచ్చగనే చూస్తడు. మొత్తం కడితే పడేది "క్లోజ్డ్". మా అవ్వ భాషల అదీ చెల్లు. చేతుల పైసలు లేనప్పుడు సెటిల్ చేసుకునుడు తప్పు కాదు. కడుపు ముందు, స్కోరు తర్వాత. గని ఏం రాయించుకుంటున్నమో తెలిసి రాయించుకోవాలె.

*

2022ల జిరాక్సు, ఆన్‌లైన్ సెంటర్ పెట్టుకుందామని లోన్ అడిగితే స్కోరు 528 అన్నరు. ఈ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటది. 528 అంటే తలుపు మూసినట్టే. అప్పుడు జిల్లా కేంద్రంల ఒక కన్సల్టెన్సీ నంబరు దొరికింది. అద్దాల ఆఫీసు, ఏసీ, గోడ మీద బ్యాంకుల బొమ్మలు. "పాత రికార్డు మొత్తం డిలీట్ చేస్తం. మా మనుషులు లోపల ఉన్నరు. 45 రోజులల్ల 750 దాటిస్తం" అన్నడు. 8 వేలు తీసుకున్నడు. ఆధార్, పాన్ ఫోటోలు తీసుకున్నడు. వారం రోజులు ఫోన్ చేసి ఓటీపీలు అడిగిండు, చెప్పిన.

నెలకు వాట్సాప్‌ల ఒక ఫోటో వచ్చింది. నా పేరు, కింద 742. నేను ఆ ఫోటో అవ్వకు చూపించి స్వీట్లు తెచ్చిన. బ్యాంకుకు పోతే మేనేజర్ తన కంప్యూటర్‌ల చూసి 519 అన్నడు. తగ్గింది! ఎందుకు తగ్గిందంటే, నా ఓటీపీలతోని నాలుగు దిక్కుల నా పేరు మీద లోన్ అడిగిన్రు. ఒక యాప్‌ల 12 వేలు నా పేరు మీద తీసుకున్నరు కూడా. అది నేను కట్టలె కాబట్టి ఇంకో ఎగవేత పడ్డది. ఫోటోల 742 అనేది ఫోన్‌ల దిద్దిన అంకె. ఆఫీసుకు పోతే తాళం.

ఆ యాప్ వాళ్లు మొదలుపెట్టిన ఫోన్లు, తిట్లు ఇక్కడ రాయను. 2020 చివర్ల ఈ లోన్ యాప్‌ల వేధింపులకు సిద్దిపేట దిక్కు నుంచి, హైదరాబాద్ శివార్ల నుంచి చావు వార్తలు వచ్చినయి. పోలీసులు అరెస్టులు చేసిన్రు, కాల్ సెంటర్లు మూయించిన్రు. అవి పేపర్ల చదివి అయ్యో అనుకున్న. రెండేండ్లకు అదే ఫోన్ నా ఇంట్ల మోగింది. అవ్వ ఎత్తింది. ఆ మాటలు ఆమె ఇన్నది. అది నేను ఇంకా మర్చిపోలె.

*

బయటపడ్డది ఏజెంట్లతోని కాదు. కాయితంతోని. ఎట్లనో చెప్త, ఇది మాత్రం జాగ్రత్తగ చదువుండ్రి.

మన దేశంల అప్పు చరిత్ర రాసిపెట్టే కంపెనీలు నాలుగు. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. మనం అన్నిటినీ సిబిల్ అనే అంటం. 2005 చట్టం కింద ఇవి నడుస్తయి, పైన రిజర్వు బ్యాంకు ఉంటది. ఒక్కో కంపెనీ ఏడాదికి ఒకసారి మన పూర్తి రిపోర్టు మనకు ఉచితంగ ఇయ్యాలె. నాలుగు కంపెనీలంటే ఏడాదికి నాలుగు రిపోర్టులు, ఒక్క పైస లేకుండ. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. లోన్ కోసం వేరేటోడు చూస్తేనే లెక్క పడుతది. గందుకే కనపడ్డ ప్రతి లోన్ లింకు నొక్కొద్దు.

రిపోర్టుల మూడు చూడాలె. ఒకటి, ఆ అప్పులన్నీ నీవేనా. రెండు, ప్రతి అప్పు కింద నెల నెలకు గడులుంటయి. కిస్తు ఎన్ని రోజులు లేటైందో ఆ అంకె అక్కడ పడుతది. సున్నాలుంటే మంచిది. 90 దాటితే మొండి బాకి. మూడు, చివరికి ఏం రాసిన్రు. క్లోజ్డా, సెటిల్డా, రిటెన్ ఆఫా. రిటెన్ ఆఫ్ అంటే మాఫీ అనుకుంటరు మనోళ్లు. మాఫీ కాదు. వాళ్ల లెక్కల పుస్తకంల నుంచి తీసేసిన్రు, నీ మీద బాకి అట్లనే ఉన్నది.

ఇగ అసలు సంగతి. రిపోర్టుల తప్పుంటే దిద్దించుకునుడు నీ హక్కు. ఆ కంపెనీ సైటులనే వివాదం పెట్టాలె, రుసుము లేదు. నా పేరు మీది 12 వేల దొంగ అప్పుకు నేను 1930కు ఫోన్ చేసిన, ఖేడ్ ఠాణాల దరఖాస్తు ఇచ్చిన, ఆ కాయితం పెట్టి వివాదం వేసిన. నాలుగు నెలలు పట్టింది, గని పోయింది. ఇప్పుడు ఇంక గట్టిగ ఉన్నది. 2024 ఏప్రిల్ 26 నుంచి, 30 రోజులల్ల తేల్చకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకు 100 రూపాయలు మనకు పరిహారం ఇయ్యాలె. అప్పటికీ కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, అదీ ఉచితమే. అడగటానికి 14448 నంబరున్నది.

తప్పు లేకపోతే? అప్పు నీదే, కట్టనిది నీవే అయితే? దాన్ని ఈ భూమ్మీద ఎవ్వడూ డిలీట్ చెయ్యలేడు. లోపల మనుషులున్నరు అన్నోడు దొంగ. ఇది గుండెకు రాసుకోండ్రి. నిజమైన అప్పుకు ఒకటే తొవ్వ. మిగిలింది కట్టుడు, బాకి లేదన్న కాయితం తీసుకునుడు, రికార్డుల క్లోజ్డ్ అని మార్పించుడు, ఆ తర్వాత చిన్న అప్పు తీసుకొని తప్పకుండ కట్టుకుంట పోవుడు. నేను బండి బాకిల మిగిలిన పైసలు రెండు దఫాలుగ కట్టిన, నేరుగ లోన్ ఖాతాకే. ఏ మనిషి సొంత నంబరుకు కొట్టలె. బాకి లేదన్న సర్టిఫికెట్ చేతికి వచ్చినంకనే ఆఫీసు మెట్లు దిగిన.

తర్వాత బ్యాంకుల 10 వేలు ఫిక్స్‌డ్ వేసి, దాని మీద చిన్న క్రెడిట్ కార్డు తీసుకున్న. నెలకు ఫోన్ రీఛార్జు, కరెంటు బిల్లు అంతే. గడువు తేదీకి ముందే మొత్తం కట్టుడు. ఇట్ల రెండేండ్లు. స్కోరు ఎక్కుడు చింతచెట్టు ఎక్కినట్టే ఉంటది, జారుడు మాత్రం ఒక్క క్షణం. ఇయ్యాల 700 దాటింది. ఎవరన్న 45 రోజులల్ల ఎక్కిస్త అంటే, వాడు చెట్టు ఎక్కిస్తలేడు, మనల్నే చెట్టు ఎక్కిస్తుండు.

*

ఆ తెల్లారి ఖేడ్ బస్టాండ్ కాడ తమ్ముణ్ని, వాళ్ల నాయినను కలిసిన. పెద్దమనిషి తలకాయ ఎత్తుతలేడు. "నా పేరే ఖరాబు అయింది, బిడ్డ సదువు పోతుంది" అంటుండు. ముప్పై ఏండ్లుగ ప్రతి ఏడు అడ్వాన్స్ తీసుకొని, చెరుకు కొట్టి, అణా పైసలతో తీర్చిన మనిషి. ఆ తీర్చినదంతా ఏ కంపెనీ కంప్యూటర్‌ల లేదు. మేస్త్రి అడ్వాన్స్ లెక్క కాదు, సేటు దగ్గర బాకి లెక్క కాదు, నూటికి మూడు వడ్డీ కట్టింది లెక్క కాదు. మనోళ్ల నిజాయితీకి గడులు లేవు. ఎగవేతకు మాత్రం ఉన్నయి.

టీ కొట్టు కాడ కూసొని, ఆయన ఫోన్‌లనే, ఆయన వేలుతోనే రిపోర్టు తెరిపించిన. రెండు అప్పులున్నయి. ఒకటి వారం గ్రూపు అప్పు. భార్యది కాకుండ ఆయన పేరు మీద రాసుకున్నరు. ఆయన ఎప్పుడో కట్టిండు, రసీదులు ఇంట్ల ఉన్నయి, రికార్డుల మాత్రం 4,200 బాకి. చెల్లు రాయించుకోలె! రెండోది ఒక ఫోన్ ఫైనాన్స్. ఆయన జిందగీల అంత పెద్ద ఫోన్ పట్టుకోలె. ఎవరో తెలిసినోడు "ఆధార్ ఇయ్యి కాకా, కిస్తులు నేనే కట్టుకుంట" అని తీసుకున్నడట. మొహమాటానికి ఇచ్చిండు. ఆ తెలిసినోడు నాలుగు కిస్తులు కట్టి మాయమైండు.

మొదటిదానికి రసీదుల ఫోటోలు పెట్టి వివాదం వేసినం. 26 రోజులకు దిద్దిన్రు. రెండోది దొంగ అప్పు కాదు, సంతకం ఆయనదే. దాని మీద వివాదం వేస్తే అబద్ధమైతది. గది కట్టాల్సిందే. మిగిలిన 5,300 కంపెనీ ఖాతాల కట్టి, సర్టిఫికెట్ తీసుకున్నం. ఏజెంటుకు పోవాల్సిన 15 వేలల్ల దానికి పోంగ మిగిలింది చెల్లె హాస్టల్ ఫీజుకు అయింది.

అయినా నాయిన స్కోరు ఒక్క నెలల పెరగదు కదా, సీటు ఆగదు కదా. అప్పుడు అమ్మ రిపోర్టు తీసినం. ఆమెను ఎవరూ అడగనే లేదు! ఆమె పొదుపు సంఘంల ఉన్నది. బ్యాంకు లింకేజీ అప్పు మూడు సార్లు తీసుకొని ఒక్క కిస్తు తప్పకుండ కట్టింది. ఆమె గడులన్నీ సున్నాలే. ఇంట్ల అందరి కన్న మంచి చరిత్ర వేలిముద్ర వేసే మనిషిదే. బిడ్డతోని కలిపి అప్పు తీసుకునే తల్లిగ ఆమె పేరు పెట్టి మళ్ల దరఖాస్తు ఇచ్చినం. 4 లక్షల లోపు చదువు అప్పుకు తాకట్టు అడగొద్దన్న నియమం ఉన్నదని మర్యాదగనే గుర్తు చేసినం. మొన్న మొదటి విడత కాలేజీకి పడ్డది.

*

స్టూడెంట్లకు ఇంకొన్ని మాటలు.

స్కోరు లేకపోవుడు వేరు, స్కోరు చెడిపోవుడు వేరు. ఎన్నడూ అప్పు తీసుకోనోళ్లను, చరిత్ర లేదన్న ఒక్క కారణంతోని తిరస్కరించొద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి ఆదేశాలల్ల ఉన్నది. అదే ఏడాది ఆగస్టుల కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటుల ఇదే మాట చెప్పింది. 2023 మే నెలల కేరళ హైకోర్టు, స్టూడెంట్ స్కోరు తక్కువున్నదని చదువు అప్పు ఆపొద్దన్నది. అది వేరే రాష్ట్రం తీర్పే, గని దరఖాస్తుల రాయటానికి పనికొస్తది. లోన్ ఇయ్యం అంటే, ఎందుకియ్యరో రాసి ఇయ్యుండ్రి అని అడగాలె. నోటి మాటకు జవాబుదారీ ఉండదు.

2025 మార్చిల రాజీవ్ యువ వికాసం ప్రకటించినప్పుడు చూసినం. 50 వేల నుంచి 4 లక్షల దాకా యూనిట్లు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ యువతకు. సిబిల్ చూస్తరట అన్న మాట బయటికి రాంగనే మన సంఘాలు అభ్యంతరం చెప్పినయి. చెప్పాలె కూడా. తరతరాలు బ్యాంకు మెట్టు ఎక్కనియ్యనోళ్లను బ్యాంకు చరిత్ర అడుగుడేంది? గని అదే వారంల, మనం ధర్నా చేసి ఇంటికి రాకముందే, "సిబిల్ క్లియర్" అని మన పిల్లల ఫోన్లకు మెసేజీలు వచ్చినయి. పోరాటం ఎంత లేటైతదో బ్రోకర్ అంత తొందరగ వస్తడు. రెండు పనులు ఒక్కసారే చెయ్యాలె మనం. లెక్క అన్యాయమని కొట్లాడాలె, ఆ లెక్కను చదువుడు కూడా నేర్చుకోవాలె.

మోసగాడు ఎన్ని వేషాలేసినా పని ఒకటే. అప్పు ఇచ్చేటోడు నీకు పైసలు ఇయ్యాలె, నీ దగ్గర ముందు తీసుకోడు. లోన్ మంజూరైంది, ముందు ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ, ఇన్సూరెన్సు కట్టు అని ఎవరి నంబరో ఇస్తే అక్కడే ఆగుండ్రి. ముద్ర పేరు మీద, రిజర్వు బ్యాంకు బొమ్మ మీద దొంగ లెటర్లు తిరుగుతయి. ముద్ర నేరుగ మనుషులకు అప్పు ఇయ్యదు, ఏజెంట్లను పెట్టలె. రిజర్వు బ్యాంకు మన లోన్ మంజూరు చెయ్యదు. యాప్‌ల అప్పు తీసుకుంటే దాని వెనుక ఏ బ్యాంకు, ఏ ఫైనాన్స్ కంపెనీ ఉన్నదో చూడాలె. 2025 జూలై నుంచి అనుమతి ఉన్న కంపెనీల యాప్‌ల పట్టిక రిజర్వు బ్యాంకు సైటుల పెడుతున్నరు. మన ఫోన్‌ల ఉన్న నంబర్లు, ఫోటోలు చూస్త అనే యాప్ నియమం తప్పినట్టే. పొద్దుగాల 8 గంటల ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలుకు ఫోన్ చెయ్యొద్దు. తిట్టినా, భయపెట్టినా రికార్డు చేసి పెట్టుకోండ్రి. పైసలు పోతే సిగ్గుపడుకుంట కూసోవద్దు. వెంటనే 1930. ఎంత తొందరగ చేస్తే అంత ఆశ.

ఇంకోటి, నొప్పి అయినా చెప్పాలె. మన వాడల "నీ ఆధార్ ఇయ్యి, నీ అకౌంట్ ఇయ్యి, నెలకు 2 వేలిస్త" అని అడిగేటోళ్లు మనోళ్లే ఉంటున్నరు. మామ, బావ, కాకా అని పిలిచే అడుగుతరు. అన్నం పెట్టుండ్రి, బట్టలియ్యుండ్రి, ఆధార్ మాత్రం ఇయ్యకుండ్రి. వాని అప్పు నీ చరిత్ర అయితది. వాని దొంగతనం నీ కేసు అయితది.

*

బాబాసాహెబ్ 1923ల రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చేసిండు. తర్వాత హిల్టన్ యంగ్ కమిషన్ ముందు పోయి కరెన్సీ గురించి సాక్ష్యం చెప్పిండు. అంటరానోడు అన్న మనిషి తెల్లదొరల ముందు కూసొని, ఈ దేశం పైసల లెక్క గిట్ల ఉండాలె అని చెప్పిండు. మనం ఆయన ఫోటోకు దండేసి, మన సొంత లెక్క తెరువటానికి భయపడుతున్నం.

మా తాతకు బుక్కు ముట్టుకునే హక్కు లేకుండె. నాకు హక్కున్నది, చదువున్నది, ఫోన్‌ల బుక్కు ఉన్నది. అయినా తెరువకుండ 8 వేలిచ్చి వేరేటోణ్ని తెరువమన్న. పటేల్ బుక్కు కన్న పెద్ద తాళం నా సిగ్గే వేసుకున్న.

వచ్చే నెల రెండో ఆదివారం ఖేడ్‌ల కూసుందాం. ఎవరి ఫోన్ వాళ్లు, ఎవరి ఆధార్ వాళ్లు తెచ్చుకోండ్రి. అమ్మలను కూడా తోలుకరండ్రి, వాళ్ల రిపోర్టే బాగుండొచ్చు. ఎట్ల తియ్యాల్నో, ఎట్ల చదువాల్నో పక్కన కూసొని చెప్త. ఓటీపీ మాత్రం నాకు కూడా చెప్పొద్దు. చందా లేదు, ఫీజు లేదు, చాయ్ మాత్రం ఎవరిది వాళ్లదే.

బండి బాకి సర్టిఫికెట్ తెచ్చిన రోజు అవ్వకు ఇచ్చిన. ఆమెకు చదువ రాదు. అటుతిప్పి ఇటుతిప్పి చూసి, ముద్ర ఎక్కడుందో వేలు పెట్టి తడిమింది. "చింపాల్నా?" అని అడిగింది.

"వద్దవ్వా, ఇది నోటు కాదు, చెల్లు. దాచిపెట్టాలె" అన్న.

రేషన్ కార్డు, తాత ఫోటో ఉన్న రేకు డబ్బల పెట్టింది.

జై భీమ్.

(ఇంకా ఉన్నది)